తీసెయ్యమన్న వైరు

నిర్మల్‌లో ఆదిలాబాద్ పోయే రోడ్డు మీద మాకొక బ్యాటరీల దుకాణం ఉంది. మా బాపు పెట్టిన దుకాణం. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. ట్రాక్టర్లవీ, ఆటోలవీ, ఇళ్లల్లో ఇన్వర్టర్లవీ అమ్ముతాను, చార్జింగ్ పెడతాను, బాగు చేస్తాను. చీర మీద బాపు పాత చొక్కా తొడుక్కుని కూర్చుంటాను. అయినా యాసిడ్ పడి చిల్లులు పడని చీర నాకు ఒక్కటి కూడా లేదు. ఆడమనిషి బ్యాటరీ చూస్తుందా అని మొదట్లో వెనక్కి తిరిగి పోయినవాళ్లే, తర్వాత తర్వాత పక్క ఊళ్ల నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అది నాకు కొంచెం తలకెక్కిందనే చెప్పాలి. బండి చప్పుడు వినగానే జబ్బేమిటో చెప్పేస్తానని అనుకునేదాన్ని.

మా ఆయన గల్ఫ్‌లో పడవలు బాగుచేసే చోట ఎలక్ట్రీషియన్. వారానికొకసారి, శుక్రవారం సెలవు రోజున, తీరిగ్గా ఫోన్ చేస్తాడు. నాకు మాత్రం పడవల సంగతి ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా నాకు తెలియలేదు. చెప్పదలచుకున్నది దాని గురించే.

ఒక వానాకాలం పొద్దున, దుకాణం ముందు మూడు ట్రాక్టర్లు ఆగి ఉన్నప్పుడు, ఒకాయన ఆటోలోంచి బ్యాటరీ దింపుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి. ప్రాజెక్టు నీళ్లలో పడవ నడుపుతాడు. పొద్దున, సాయంత్రం కూలీలనూ రైతులనూ ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు చేరుస్తాడు. సెలవు రోజుల్లో చూడ్డానికి వచ్చినవాళ్లను నీళ్ల మీద ఒక చుట్టు తిప్పుతాడు. మా బాపును ఎరిగినవాడు.

"బిడ్డా, గిది రెండోది. నాలుగు నెలలు గూడ కాలే. స్టార్టర్ కట్ కట్ అంటది, తిరగది. జర సూడు" అన్నాడు.

మీటరు పెట్టి చూశాను. బ్యాటరీ చెడిపోలేదు. సగం ఖాళీగా ఉంది, అంతే.

"బ్యాటరీ మంచిగనే ఉంది కాకా. దానికి కడుపు నిండుతలేదు. ఇంజన్ నడుస్తుంటే చార్జింగ్ అయితలేదా?"

"ఎందుకైతలేదు? ముందట మీటర్ల ముల్లు మంచిగ చార్జింగ్ దిక్కే మొగ్గుతది."

ఆ ముల్లును నేను నమ్మాను. అప్పుడు మిగిలింది ఒకటే. వచ్చేదాని కంటే వాడకం ఎక్కువగా ఉండాలి.

"దాని మీద ఏమేం నడుస్తయి?"

"రెండు లైట్లు, హారన్, పాటల డబ్బా, కింద నీళ్ల మోటరొకటి."

ట్రాక్టరు ఆయన బయటి నుంచి తొందరపెడుతున్నాడు. నేను ఆలోచించలేదు. పడవ కడుక్కోవడానికో, ఎక్కేవాళ్లు కాళ్లు కడుక్కోవడానికో ఒక మోటరు పెట్టుకుని ఉంటారనుకున్నాను.

"అవసరం లేనియన్ని తీసెయ్యి కాకా. పాటల డబ్బా, గా నీళ్ల మోటరు గిట్ల ఎందుకు నీకు? ఇంజన్ స్టార్టయితే సాలు గద!"

"గంతేనా?" అన్నాడాయన.

"గంతే" అన్నాను.

చార్జింగ్ పెట్టించుకుని, మర్నాడు వచ్చి తీసుకుపోయాడు. మొత్తం మీద మా మాటలు రెండు నిమిషాలు కూడా పట్టి ఉండవు. తర్వాత రెండు వారాలకు తడిగోనెలో చుట్టిన చేపలు తెచ్చి ఇచ్చాడు. నువ్వు చెప్పినట్టే చేసిన, ఒక్కసారి గూడ స్టార్టర్ మొరాయించలే అన్నాడు. ఆ శుక్రవారం మా ఆయనతో గొప్పగా చెప్పుకున్నాను. నీ పడవల పని కూడా నేను చేసిన, చూడు అన్నాను. ఏం చేసినవని అడిగాడు. పాటల డబ్బా తీయించిన అన్నాను. నీళ్ల మోటరు మాట చెప్పలేదు. దాచాలని కాదు. అది నా మనసులోనే లేదు.

పత్తి ఏరే కాలం వచ్చింది. పడవాయన ఫోన్ చేశాడు. మళ్లీ అదే రోగం, పొద్దున రెండు మూడు సార్లు తాళం తిప్పితే గాని ఇంజన్ అందుకోవడం లేదు, పడవను మోసుకురాలేను గదా, ఒకసారి వచ్చి చూడు బిడ్డా అన్నాడు. వస్తానన్నాను. ఈసారి మా ఆయనను ముందే అడిగాను.

"ముందట ఉన్న మీటర్ ముల్లును నమ్మకు. ఇంజన్ నడుస్తుండంగ ఆల్టర్నేటర్ మీద ఒకసారి ఓల్టేజ్ సూడు. ఎంటనే బ్యాటరీ మీద సూడు. రెండిట్ల తేడా అర ఓల్టు కంటె ఎక్కువుంటే, కరెంటు తొవ్వలనే పోతున్నట్టు. గప్పుడు వైరు పట్టుకొని పో" అన్నాడు.

రెండు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చిన పొద్దున, మీటరు, కటింగ్ ప్లేయర్, టేపు, ట్రాక్టర్లకు వాడే జంపర్ కేబుల్ సంచిలో వేసుకుని స్కూటీ మీద పోయాను. నేను చేరేసరికి పడవలో ఇరవై మంది దాకా ఆడవాళ్లు ఎక్కి కూర్చున్నారు. అవతలి ఒడ్డున చేన్లలో పత్తి ఏరడానికి పోతున్నవాళ్లు. ఒడిలో సద్దిగిన్నెలు, నెత్తికి తువ్వాళ్లు. రోడ్డు మీద పోతే చాలా చుట్టు. అందుకే పడవ.

"ఒక ట్రిప్పు ఏసొద్దమా బిడ్డా? నడుస్తుండంగనే సూస్తనంటివి గద" అన్నాడు పడవాయన.

సరేనన్నాను. నడిచే ఇంజన్ మీద చూస్తేనే తెలుస్తుందని సంతోషించాను కూడా.

అది రేకు పడవ. మీద చెక్కలు పరిచి ఉన్నాయి. వెనక ఇంజన్, దాని పక్కన చెక్క పెట్టెలో బ్యాటరీ. ముందు స్టీరింగు దగ్గర ఆయన నిలబడతాడు. మూడోసారికి ఇంజన్ అందుకుంది. ఒడ్డు వెనక్కి జరిగింది. నేను ఇంజన్ పక్కన పీట మీద కూర్చుని ఆల్టర్నేటర్ బోల్టు మీద మీటరు వైరు కొస ఆనించాను. పద్నాలుగు పాయింట్ మూడు. బ్యాటరీ మీద పెట్టాను. పన్నెండు పాయింట్ ఆరు.

నాకు నవ్వొచ్చింది. దొంగ దొరికాడు. పుట్టిన కరెంటులో ఒకటి పాయింట్ ఏడు ఓల్టులు దారిలోనే మాయమవుతున్నాయి. అలాంటి బ్యాటరీ ఎన్ని గంటలు తిప్పినా నిండదు. వైరు పట్టుకుని చూశాను. ఎవరు కట్టారో గాని, చార్జింగ్ వైరును ఆల్టర్నేటర్ నుంచి పక్కనే ఉన్న బ్యాటరీకి ఇవ్వకుండా, పడవ పొడుగునా ముందుకు తీసుకుపోయి, స్టీరింగు దగ్గర మీటరుకు చూపించి, మళ్లీ వెనక్కి తెచ్చారు. అదీ ఆటో హెడ్‌లైటుకు వాడేంత సన్నటి వైరు. చెక్కల కింద ఎక్కడో అతుకు కూడా ఉండి ఉంటుంది. అది చిలుము పట్టి ఉంటుంది. చూద్దామనిపించింది.

"కాకా, గీ చెక్క లేపుతున్న" అని అరిచాను. ముందు నుంచి ఆయన చెయ్యి ఊపాడు.

ఇద్దరు ఆడవాళ్లను పక్కకు జరగమని, చెక్క ఎత్తి, వైరు కోసం చెయ్యి లోపలికి పెట్టాను.

చెయ్యి మోచేతి దాకా నీళ్లలో దిగింది.

చల్లటి, నల్లటి నీళ్లు. మీద డీజిల్ రంగులు తేలుతున్నాయి. పడవ ఒక పక్కకు వంగినప్పుడల్లా ఆ నీళ్లు మొత్తం ఆ పక్కకు పోయి, చెక్కల అడుగును కొట్టి, మళ్లీ వస్తున్నాయి. నా చెయ్యి అలాగే అందులో ఉండిపోయింది. తీయాలని తోచలేదు. పడవల్లో ఇలాగే ఉంటుందేమో అని ఒక క్షణం అనుకున్నాను. అంత వెర్రిదాన్ని.

"కాకా! కింద నీళ్లున్నయేంది?"

"ఉంటయి బిడ్డా. నీళ్లల్ల పంకా తిప్పే రాడ్ బయటికి పోయే కాడ ఎప్పుడు కారుతనే ఉంటది. రోజు పొద్దుగాల బకెట్‌తోని తోడుత. ఇయ్యాల నువ్వు జల్ది వస్తనంటివని తోడలే. నిన్న, మొన్న ముసురుల పడవ తియ్యలే, తోడలే" అన్నాడు. తర్వాత, ఎంతున్నాయి అని అడిగాడు.

నేను చెయ్యి పైకెత్తి మోచెయ్యి చూపించాను. ఆయన మొహంలో రంగు పోయింది.

"గంత ఎట్లొచ్చినయి?"

"తోడెటందుకు మోటరు లేదా కాకా? పడవకు పంపు ఉండదా?"

ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను తమాషా చేస్తున్నానేమో అన్నట్టు చూశాడు.

"నువ్వే తీసెయ్యమంటివి గద బిడ్డా. నీళ్ల మోటరు ఎందుకు అంటివి గద."

ఇంజన్ చప్పుడులో కూడా ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత కాసేపు మాత్రం నాకేమీ వినిపించలేదు. ఎదురుగా ఆడవాళ్లు నోళ్లు కదుపుతున్నారు. నా చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత. కాళ్ల దగ్గర, చెక్క ఎత్తిన సందులో, బ్యాటరీ పెట్టె పక్కన, పంపు వైరు కనిపించింది. రెండు కొసలకూ విడివిడిగా టేపు చుట్టి, దారంతో ఒక మేకుకు కట్టి పెట్టాడు. ఎంత పొందిగ్గా కట్టాడో! నా మాట మీద అంత నమ్మకంతో. నాలుగైదు నెలలుగా ఆ పడవలో ఎందరు ఎక్కారు, ఎందరు దిగారు?

నన్ను కదిలించింది ఇంజన్ బెల్టు. అది నీళ్లను అందుకుని నా మొహం మీదికి చిమ్మింది. నీళ్లు బెల్టు దాకా వచ్చాయంటే ఇంజన్ ఎంతసేపో నడవదు. నడి నీళ్లలో ఉన్నాం.

"బందు చేసి తోడుదమా?" అన్నాడాయన.

"వద్దు! బందయితే మళ్ల స్టార్ట్ గాదు. ఒడ్డుకు కొట్టు!"

టేపు చేత్తో ఊడి రాలేదు. పళ్లతో పీకాను. వైరు కొసలు తీసుకుపోయి నేరుగా బ్యాటరీకి పట్టించాను. కింద ఎక్కడో పంపు మూలిగింది. పక్కన గొట్టం లోంచి ఉమ్మినట్టు నాలుగు చుక్కలు పడ్డాయి. మీటరు పెడితే పదకొండుకు దిగజారింది. నెలల తరబడి సగం కడుపుతో ఉన్న బ్యాటరీ. దానికి అంత బలం ఎక్కడిది?

"తోడుండ్రి!" అని ఎవరో అరిచారు. నేను కాదు. నా ఎదురుగా కూర్చున్న పెద్దామె. ఆమె సద్దిగిన్నె మూత తీసి, అన్నం కొంగులో బోర్లించుకుని, గిన్నెతో నీళ్లు ముంచి బయటికి పోసింది. ఆమెను చూసి మిగతావాళ్లూ. అన్నం, పచ్చడి అన్నీ కొంగుల్లోకి పోయాయి. ఎవరూ ఏడవలేదు. వరుసగా వంగి తోడారు.

జంపర్ కేబుల్ గుర్తొచ్చింది. సన్నటి వైరు చుట్టూ తిరిగి రావలసిన కరెంటును మధ్యలో అడ్డదారిన బ్యాటరీకి చేరిస్తే చాలు. కొంగు దోపుకుని, చొక్కా చేతులు పైకి మడిచాను. ఎర్ర కేబుల్ ఒక కొస ముందు బ్యాటరీ ప్లస్‌కు పట్టించాను. రెండో కొస తిరుగుతున్న బెల్టుకు జానెడు దూరంలో ఉన్న ఆల్టర్నేటర్ బోల్టుకు పట్టించాలి. ఇంజన్ ఆపకుండా అలా చేయకూడదని నేనే పదిమందికి చెప్పి ఉంటాను. మొదటిసారి జారింది. రెండోసారి టప్‌మని నిప్పురవ్వ లేచి, పట్టుకుంది.

పంపు గొంతు మారింది. మూలుగు పోయి గీపెట్టింది. గొట్టం లోంచి బొటనవేలంత ధార కట్టింది. మీటరు పదమూడు పాయింట్ ఎనిమిది చూపించింది. ఆ అంకెను ఎంతసేపు చూశానో తెలియదు. అది తగ్గుతుందేమోనని చూపు తిప్పలేదు. తోడేవాళ్లు తోడుతూనే ఉన్నారు. బెల్టు చిమ్మడం మెల్లగా తగ్గింది.

పడవ ముక్కు అవతలి ఒడ్డు ఇసుకలో దిగబడ్డ తర్వాత కూడా నేను ఆ పీట మీద నుంచి లేవలేకపోయాను. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని దింపారు. పడవాయన ఒడ్డున కూలబడి, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ అందరితో అంటున్నాడు: "గీ బిడ్డ లేకుంటె ఇయ్యాల అందరం మునిగిపోతుంటిమి. గామె సంచిల వైరు తెచ్చింది గాబట్టి బతికినం."

ఒకామె వచ్చి నా చేతులు పట్టుకుంది. ఇంకొకామె దండం పెట్టింది. నేను ఆ దండం పెట్టిన చేతుల వైపు చూడలేకపోయాను. చెప్పకుండా ఉండవచ్చు. ఆయన ఎప్పటికీ చెప్పడు, అది కూడా నాకు తెలుసు. ఆయన దృష్టిలో తప్పు తోడకపోవడమే.

"గా మోటరు తీసెయ్యమన్నది నేనే" అన్నాను. "అది ఎందుకున్నదో అడగలేదు. దుకాణంల గిరాకీ ఉందని ఉరుకులాటల చెప్పేసిన. నా మాట ఇని గీయన తీసేసిండు."

నా చేతులు పట్టుకున్నామె వదిలేసింది. విసురుగా కాదు, మెల్లగా. తోడమని అరిచిన పెద్దామె కొంగులోని అన్నం మళ్లీ గిన్నెలోకి సర్దుకుంటోంది. తలెత్తకుండానే అంది:

"నేను రోజు ఎనుకనే కూసుంట చెల్లె. కాళ్ల కింద నీళ్ల సప్పుడు అయితనే ఉంటది. నెల రోజుల నుంచి ఇంటున్న. గిదేందని నేనన్న ఎన్నడు అడగలే."

వాళ్లు చేన్లకు పోయారు. అంత జరిగాక కూడా పనికి పోయారు. నేను నిలబడి చూశాను. పోతూ పోతూ ఆ పెద్దామె వెనక్కి తిరిగి, సాయంత్రానికి మోటరు కడతవా అని అడిగింది. కడతానన్నాను.

పడవలో నీళ్లు పూర్తిగా పోయేదాకా ఒడ్డునే ఉన్నాం. ఫోన్ చేస్తే పడవాయన కొడుకు వచ్చి, మోటార్ సైకిల్ మీద రోడ్డు చుట్టు తిప్పి నన్ను నిర్మల్ చేర్చాడు. వేలంత మందం కేబుల్, ఫ్యూజు, నీళ్లు పెరిగితే తేలి ఆన్ అయ్యే స్విచ్చు, కొత్త క్లాంపులు తీసుకుని, రాడ్ దగ్గర కారే చోటును బిగించే మెకానిక్కును వెంటబెట్టుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. ఆల్టర్నేటర్ నుంచి మూరెడు దూరంలో ఉన్న బ్యాటరీకి కేబుల్ నేరుగా బిగించాను. ముందున్న మీటరుకు పోయే వైరు పీకేశాను. పంపును ఎవరూ చేత్తో నొక్కే పని లేకుండా, నీళ్లు చేరగానే తనంతట తానే తిరిగేలా, విడి ఫ్యూజుతో బ్యాటరీకే కట్టాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద పద్నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది. ఒక బకెట్ నీళ్లు కింద పోయించి, పంపు తిరిగేదాకా చూశాను. ఇంకో బకెట్ పోయించాను. మూడోది పోయమంటే మెకానిక్కు నా మొహం వైపు చూశాడు. అయినా పోశాడు.

"ఇంక సాలు బిడ్డా" అన్నాడు పడవాయన.

"నన్నెందుకు తిడుతలేవు కాకా?"

"నేను గూడ పడవల పుట్టి పెరిగినోన్నే గద, నాకన్న ఎరుకుండొద్దా" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం ఆడవాళ్లు వచ్చారు. చెక్క ఎత్తి, పంపు చూపించి, గొట్టం చూపించి, ఎలా తిరుగుతుందో చెప్పాను. శ్రద్ధగా విన్నారు. ఎక్కేటప్పుడు మాత్రం ఒక్కొక్కరూ వంగి ఆ సందులోకి చూసి ఎక్కారు. నేను కూడా వాళ్లతో ఎక్కి, వెనక ఆ పెద్దామె పక్కన కూర్చున్నాను. దాటినంత సేపూ ఇద్దరం కాళ్ల కింద చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం.

మూడు రోజుల దాకా మా ఆయనకు చెప్పలేదు. మామూలు ఫోన్లలో పిల్లల సంగతులు మాట్లాడి పెట్టేశాను. దుకాణంలో ఎవరైనా ఏదైనా అడిగితే నోరు తెరవడానికి భయమేసేది. ఇన్వర్టర్ గురించి అడిగినా, అది దేనికి, ఎవరింట్లో, దాని మీద ఎవరు ఆధారపడ్డారు అని ఇన్నిసార్లు అడిగేసరికి ఒకాయన విసుక్కుని వెళ్లిపోయాడు. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చినప్పుడు షట్టరు సగం దించి, మొత్తం చెప్పాను. మొదటిసారి చెప్పకుండా వదిలేసిన నీళ్ల మోటరు మాటతో మొదలుపెట్టాను.

తిడతాడనుకున్నాను. పడవల్లో పని చేసే మొగుడు ఉండి, ఒక్క మాట అడగకపోతివా అంటాడనుకున్నాను. దానికి జవాబు కూడా వెతుక్కుని పెట్టుకున్నాను. ఆయన అదేమీ అనలేదు.

"నీళ్లు ఏడిదాక వచ్చినయన్నవ్?" అన్నాడు.

"మోచేతి దాక."

"నీకు ఈత వస్తదా?" అని అడిగాడు. మాకు పెళ్లయి పంతొమ్మిదేళ్లు. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలుసుకోవలసిన పని ఎప్పుడూ పడలేదు.

"రాదు" అన్నాను.

చాలాసేపటి దాకా ఫోన్ ఎవరమూ పెట్టెయ్యలేదు.